పంటికి స్కానింగ్: సీబీసీటీనా, పెద్ద సీటీనా?

(తెర మీద: ఒకే దవడకి తీసిన రెండు స్కాన్లు పక్కపక్కన)

గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో పంటి డాక్టరు గారు "సీబీసీటీ తీయించుకుని రండి" అని చీటీ రాసిస్తారు. సీబీసీటీ అంటే కోన్ బీమ్ సీటీ, పళ్లకీ దవడకీ త్రీడీ బొమ్మ తీసే చిన్న స్కానింగ్. తీరా స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే, లోపల అంత పెద్ద సీటీ మిషన్ పెట్టుకుని మనల్ని ఈ చిన్నదాని ముందు నిలబెడుతున్నారేంటి అని డౌటు. డౌటేం అక్కర్లేదండీ, పంటి వరకూ ఆ చిన్నదే బాగా చూపిస్తుంది, అదీ తక్కువ రేడియేషన్‌తో.

పెద్ద సీటీలో ఎక్స్‌రేలు పలచగా, విసనకర్రలా వస్తాయి. మనం పడుకున్న బల్ల జరుగుతుంటే ట్యూబు చుట్టూ తిరుగుతూ పొరలు పొరలుగా తీస్తుంది. సీబీసీటీలో కిరణాలు శంకువులా విచ్చుకుంటాయి కాబట్టి తల చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, కొన్నిట్లో సగం చుట్టే. త్రీడీ బొమ్మని కట్టే బుల్లి ఘనాన్ని వాక్సెల్ అంటారు. సీబీసీటీలో అది మామూలుగా 0.075 నుంచి 0.4 మిల్లీమీటర్లు, పెద్ద సీటీలో పొర మందమే దాదాపు 0.5, 0.6.

(తెర మీద: పైదవడ దంతం, దగ్గరగా)

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పైదవడలో మొదటి పెద్ద దంతం చూడండి. బుగ్గ వైపు ముందున్న వేరులో చాలామందికి నరం ఉండే కాలువ ఇంకోటి, రెండోది కూడా ఉంటుంది, వెంట్రుకంత సన్నంగా. రూట్ కెనాల్‌లో అది దొరక్కపోతే క్యాపు వేశాక కూడా నొప్పి మళ్లీ రావచ్చు. చిన్న వాక్సెల్‌తో తీస్తే అది నల్ల చుక్కలా కనపడే అవకాశం ఉంది, అదే 0.6 పొరలో చుట్టూ ఉన్న పంటితో కలిసిపోయి మాయమవుతుంది.

అలాగని "మా మిషన్ 0.075" అని బోర్డు పెట్టగానే పడిపోకండి. వాక్సెల్ చిన్నదయ్యేకొద్దీ బొమ్మలో గరుకు పెరుగుతుంది, దాన్ని తగ్గించాలంటే రేడియేషన్ డోసు పెంచాలి. పైగా తిరగడానికి పది, ఇరవై సెకన్లు పడుతుంది, ఆలోపు మీరు గుటక వేసి గడ్డం కాస్త కదిలిందా, అంచులు రెండేసి కనపడతాయి, ఇక ఆ 0.075 ఎందుకు?

ఇప్పుడు చిన్నదాని బలహీనత. బుగ్గ వాపు, చీము, గడ్డ, నోటి కాన్సర్ అనుమానం, వీటికి పెద్ద సీటీనే కావాలి. శంకువు కిరణాలు చెల్లాచెదురై డిటెక్టర్ మీద పడటంతో మెత్తటి భాగాలన్నీ ఒకే బూడిద రంగులో ఉంటాయి. పెద్ద సీటీలో ఏది ఎంత దట్టంగా ఉందో చెప్పడానికి నీటికి 0, గాలికి మైనస్ 1000 అని లెక్క ఉంది, హౌన్స్‌ఫీల్డ్ లెక్క. సీబీసీటీలో ఆ అంకెలు నమ్మకంగా రావు, కాబట్టి అందులో చూసి "ఎముక సాంద్రత ఇంత" అని ఖచ్చితంగా చెప్పేస్తే నేనైతే అంత తేలిగ్గా నమ్మను.

లోహపు క్యాపులుంటే మాత్రం రెండిట్లోనూ నల్ల చారలు తప్పవు.

డోసు సంగతి: సీబీసీటీకి పదుల నుంచి కొన్ని వందల మైక్రోసీవర్ట్‌లు (రేడియేషన్ డోసుకి కొలత), పెద్ద సీటీకి మామూలుగా అంతకంటే బాగా ఎక్కువ. ఒక్క పన్ను కోసమైతే మొత్తం తల అక్కర్లేదు, 5×5 సెంటీమీటర్ల భాగం సరిపోతుందేమో డాక్టరు గారిని అడగండి. డోసూ తగ్గుతుంది, బొమ్మా తేటగా వస్తుంది.

(తెర మీద: సీడీ, ప్రింటు తీసిన ఫిల్ము)

వచ్చేటప్పుడు ఫిల్ము ఒక్కటే పట్టుకుని రాకండి, డైకామ్ ఫైళ్లు, అంటే కంప్యూటర్లో తెరిచి చూసే అసలు స్కాన్ ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. ఫిల్ము మీద వాళ్లు ఎంచిన పొరలే ఉంటాయి, ఫైళ్లుంటే మీ డాక్టరు గారు కావాల్సిన చోట కోసి చూసుకుంటారు.