రాత్రి పూట పగటి వెలుగు

అందరికీ నమస్కారం.

బయట చీకటి పడి చాలాసేపయింది. ఈ హాల్లో మాత్రం పట్టపగల్లా ఉంది. పైనున్న లైట్లు మనకు ఒకరి ముఖాలు ఒకరికి చూపిస్తూనే, ఇంకా పొద్దు పోలేదని మన మెదడుకు చెబుతున్నాయి. ఆ రెండో పని గురించే నేను మాట్లాడతాను.

మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపు ఉంటుంది. ఒంటికి పెద్ద గడియారం అదే. నిద్ర, మెలకువ, ఒంటి వేడి, హార్మోన్లు దాని లెక్కలోనే నడుస్తాయి. సూర్యుడు కనబడకపోయినా అది ఆగదు. 1938లో నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త తన విద్యార్థితో కలిసి అమెరికాలోని మమత్ గుహలో 32 రోజులు గడిపారు. రోజును 28 గంటలు చేసుకుని బతకాలని చూశారు. క్లైట్‌మన్ ఒంటి వేడి మాత్రం ఆ మాట వినలేదు, 24 గంటలకోసారే పెరిగి తగ్గుతూ వచ్చింది.

అయితే ఈ గడియారం రోజు మనుషుల్లో సగటున 24 గంటల కంటే ఓ పది నిమిషాలు ఎక్కువ. దాన్ని రోజూ సరిదిద్దేది ప్రధానంగా వెలుతురు. ఆ కబురు అందేది కంటి ద్వారానే కానీ, చూపు ద్వారా కాదు. కంటి వెనకాల ఉండే రెటీనా పొరలో మెలనోప్సిన్ అనే పదార్థమున్న కణాలు కొన్ని ఉంటాయి. వెలుగును అవి సొంతంగా పసిగట్టగలవని 2002లో తేలింది. తరంగదైర్ఘ్యం, అంటే వెలుగు అల పొడవు, 480 నానోమీటర్ల దగ్గరుండే నీలి వెలుగుకు అవి బాగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయిన కొందరిలో కూడా ఈ కణాలు పనిచేస్తూనే ఉంటాయి. కళ్లలో వెలుగు పడితే వాళ్ల రక్తంలో మెలటోనిన్, అంటే రాత్రయిందని ఒంటికి తెలిపే హార్మోన్, తగ్గిపోతుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. ఇంట్లో లైట్లు వేస్తే వంద, రెండు వందల లక్స్. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేల లక్స్, మంచి ఎండలో లక్ష. కన్ను దేనికైనా సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా మనకు తెలియదు. గడియారానికి తెలుస్తుంది. పగలంతా గదుల్లో ఉండి దానికి మసక చూపిస్తున్నాం, రాత్రేమో వెలుగు చూపిస్తున్నాం. అందరూ ఫోన్‌ని తిడతారు. నన్నడిగితే నెత్తిమీది లైటూ, మనం చూడకుండా వదిలేసిన పగలూ అంతకంటే పెద్ద సమస్యలు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరు కరెంటు దీపాలు లేకుండా వారం రోజులు గుడారాల్లో ఉన్నారు. వాళ్ల మెలటోనిన్ అంతకుముందు కంటే సుమారు రెండు గంటలు ముందే పెరగడం మొదలుపెట్టింది.

సాయంత్రం, రాత్రి మొదట్లో పడే వెలుగు గడియారాన్ని ఆలస్యం చేస్తుంది, ఉదయపు వెలుగు ముందుకు జరుపుతుంది. అందుకే పొద్దున్నే బయటికి రమ్మంటాను, పడుకోవడానికి మూడు గంటల ముందునుంచే లైట్లు తగ్గించమంటాను. పిల్లల గదిలో ఇది ఇంకా ముఖ్యం, వాళ్ల కళ్లలోకి మనకంటే ఎక్కువ వెలుగు వెళ్తుంది.

నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఈ సలహా చాలదు. షిఫ్ట్ అయ్యాక ఎండలో ఇంటికొచ్చి నిద్రపోవాలి వాళ్లు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టులను క్యాన్సర్ కారకాలయ్యే అవకాశం ఎక్కువున్న వాటిలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. మన రాత్రుల్ని కాపాడేది వాళ్లే. ఇంట్లో అలాంటివాళ్లుంటే మధ్యాహ్నం వాళ్ల గదికి మందపాటి కర్టెన్లు వేయండి, పగలు పడుకున్నారని బద్ధకస్తులనకండి.

ప్రశ్నలు మొదలవగానే పైలైట్లు సగం ఆర్పేయమని నిర్వాహకులకు ముందే చెప్పాను. మైకు మొదటి వరుస నుంచి వస్తుంది, అడగండి.