కోడ్ ఒకటే, డోరు రంగు మాత్రం తేడా. ఎందుకు?

సిల్వర్ కారు డోరుకి రంగు వేసి, షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూస్తే చక్కగా కలిసిపోయినట్టే ఉంటుందండీ. అదే బండి రావులపాలెం హైవే ఎక్కి ఎండలో పడగానే ఆ డోరు ఒక్కటే నల్లగా, వేరుగా కనిపిస్తుంది. చాలామంది రంగు కలిపిచ్చే మిక్సింగ్ షాపుని తిడతారు. తప్పు అన్నిసార్లూ అక్కడే ఉండదు.

బండి కంపెనీ ఇచ్చిన రంగు కోడ్ సరిగ్గా ఉన్నా, ఒకే కోడ్‌కి ఒకటికి మించి ఫార్ములాలు ఉంటాయి. ఫ్యాక్టరీలోనే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ షేడు కాస్త జరుగుతుంది. అందుకే పెట్రోల్ మూత ఊడదీసి షాపుకి పట్టుకెళ్లండి. వెళ్లేముందు దాన్ని కాంపౌండ్‌తో, అంటే పాలిష్ పేస్టుతో రుద్దండి. పైన పట్టిన మురికి వదిలితేనే అసలు రంగు తెలుస్తుంది.

ఇక రంగు కొట్టే స్ప్రే గన్ను దగ్గరికి వద్దాం. అసలు తేడా పుట్టేది ఇక్కడే. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. కోటు తడిగా, బరువుగా పడితే రేకులు కిందికి దిగిపోతాయి, ఎదురుగా చూస్తే షేడు ముదురుతుంది. పొడిగా పడితే రేకులు పైనే పరుచుకుంటాయి, షేడు లేతబడుతుంది. గాలి ప్రెషర్ పెంచినా, గన్ను దూరం జరిపినా షేడు లేతే. రంగుని పల్చబరిచే థిన్నర్ నెమ్మదిగా ఆరేదైతే ముదురు.

మన గోదావరి డెల్టాలో చిక్కంతా ఈ థిన్నర్‌తోనే. వానాకాలంలో గాలి నిండా తేమ. థిన్నర్ ఆవిరైపోతూ డోరుని చల్లబరుస్తుంది, ఆ చల్లటి డోరు మీద తేమ పట్టి రంగు పాలలా తెల్లబారుతుంది. అది రాకుండా స్లో థిన్నర్ వేస్తాం. వేశామంటే షేడు ముదిరింది! అంటే ఎండాకాలంలో కుదిరిన అదే ఫార్ములా ముసురు రోజున కుదరకపోవచ్చు. పాత లెక్కని నమ్ముకోకండి.

అందుకని కార్డు కొట్టాలి, అంటే ముందు ఒక అట్టముక్క మీద రంగు కొట్టి చూడాలి. ఇదిగో చూడండి, ఈ అట్టముక్కకి డోరుకి వేసిన ప్రైమరే వేశాం. అదే గన్ను, అదే థిన్నర్, అదే రోజు. డోరుకి ఎన్ని కోట్లో దీనికీ అన్నే. ఆరాక ఎడమ సగానికి మాస్కింగ్ టేపు వేసి, మిగతా సగం మీదే క్లియర్, అంటే రంగు లేని పైపూత కొట్టాం. టేపు తీస్తే, ఎడమవైపు సగం బూడిదలా మెరుపు లేకుండా ఉంది, కుడివైపు లోతు వచ్చింది. పోల్చాల్సింది ఈ కుడివైపునే. బండి పక్కన పెట్టి ఎండలో ఎదురుగా చూడండి, తర్వాత పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. ఎదురుగా కలిసి, పక్కనుంచి తేడా కొడితే అది ఇంకా కలవనట్టే.

కార్డు దాదాపు కుదిరింది అనుకోండి. అయినా రంగుని డోరు అంచు దగ్గర ఆపకండి. పక్క డోరు, చక్రం పైనుండే ఫెండరు 1000 నంబరు వాటర్ పేపర్‌తో మెత్తగా రుద్దండి. మొదటి కోటు డోరు వరకే. రెండోది అంచు దాటి జానెడు, మూడోది ఇంకో జానెడు, చెయ్యి విసురుతూ పల్చబరచండి. క్లియర్ మాత్రం ఆ ప్యానెళ్ల చివరిదాకా నిండుగా పడాలి, మధ్యలో ఆపితే ఆ గీత తర్వాత బయటపడుతుంది.

గన్ను పట్టేముందు కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేయండి. ఈ తేమలో అవి త్వరగా చేరతాయి, ఒక్క చుక్క వచ్చినా కోటు పాడే. క్లియర్ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి ప్రమాదం, దుమ్ము మాస్కు చాలదు, రసాయనాలకి వాడే మాస్కే పెట్టుకోండి. హార్డెనర్ డబ్బా మూత వెంటనే బిగించండి, తేమ తగిలితే హార్డెనర్ చెడిపోతుంది.

పని అయ్యాక కార్డు పారేయకండి. వెనకాల కోడ్, ఫార్ములా, థిన్నర్, ప్రెషర్, నెల రాసి షెడ్డులో మేకుకి తగిలించండి.