‘సశేషం’ దగ్గర ఆగక్కర్లేని నవల

(దృశ్యం: టేబుల్ మీద ఖాకీ అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఒక చెయ్యి దాన్ని తెరుస్తుంది.)

ఇది షాపులో అమ్మిన పుస్తకం కాదండీ. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని ఎవరో వారం వారం చించి, దాచి, చివరికి బైండు చేయించుకున్నారు. ఒకప్పుడు తెలుగు ఇళ్లలో ఇది మామూలే. నాకు ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. కడుపుబ్బ నవ్వించే ప్రేమకథ. ఇప్పటికి ఏడుసార్లు చదివాను.

తెలిసిన కథే మళ్లీ ఎందుకు?

(దృశ్యం: పేజీ అడుగున ‘సశేషం’ అన్న మాట, దగ్గరగా.)

ఇక్కడ ఆగి, అప్పటి పాఠకులు వారమంతా ఎదురుచూశారు. నేను పేజీ తిప్పితే చాలు.

పోయిన జూన్‌లో అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నాను. ఉద్యోగంలో చేరాల్సిన తేదీ మూడోసారి వాయిదా పడింది. ఫోన్ మోగితే గుండె దడ. అమ్మకి ఏం చెప్పాలో తెలీదు. కొత్త నవల పట్టుకుంటే పది పేజీలు కూడా సాగలేదు, అందులోనూ ఏమవుతుందో అన్న టెన్షనే. ఇది తీస్తే మాత్రం ఊపిరి ఆడేది. వీళ్లిద్దరూ పోట్లాడుకుంటారు, ఉత్తరాలు తారుమారవుతాయి, అయినా పెళ్లవుతుంది. ఆ నెలలో నాకు ఖాయంగా తెలిసిన సంగతి అదొక్కటే.

ముగింపు తెలిస్తే మజా పోతుందంటారు. 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి ముగింపు ముందే చెప్పి, చిన్న కథలు చదివించారు. మొత్తమ్మీద, ముందే తెలిసినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయి. మనకిది కొత్తేం కాదు. శ్రీకృష్ణ రాయబారం నాటకం ఆడితే, ఆ రాయబారం చెడుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని పద్యం పద్యానికీ ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవాళ్లు.

ఇక నవ్వు సంగతి. శృంగారం నుంచి హాస్యం పుడుతుందన్నాడు భరతముని నాట్యశాస్త్రంలో. ప్రేమలో పడ్డవాళ్ల తడబాటు చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

(దృశ్యం: మడతలు పడ్డ పేజీ. వేలు ఒక్కో వాక్యం మీదుగా కదులుతుంది.)

నాకు ప్రాణమైన ఘట్టం ఇదే. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి పొరపాటున పక్కింట్లోకి వెళ్లి కూర్చుంటాడు. బొబ్బట్లు పెడతారు, తింటాడు. పెళ్లికూతురు పిట్టగోడ మీంచి ఇదంతా చూస్తూ ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ అబ్బాయి కంగారుకే నవ్వాను. మూడోసారి చదివితే గానీ ఆ ఇంటి బామ్మ నా కళ్లబడలేదు. గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే వీడు దారి తప్పి వచ్చాడని ఆవిడకి తెలుసు. తెలిసీ కోడలితో, “ఇంకోటి వెయ్యవే” అంటుంది. ఆకలిగా ఉన్న పిల్లాణ్ని లేపడం ఇష్టం లేక. ఎనభై పేజీల తర్వాత ఆవిడే ఈ సంబంధం కుదురుస్తుంది. ఆ కుదర్చడం మొదలైంది ఈ బొబ్బట్టు దగ్గరే. మొదటి చదువులో అది కనపడే వీలే లేదు, ఎందుకంటే అప్పటికి బామ్మ ఎవరో మనకి తెలీదు.

ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. పుస్తకం ఇంకా బ్యాగులోనే ఉంది.

(దృశ్యం: కెమెరా పేజీ అంచుకి వస్తుంది.)

ఒక్కటి చూపించి వెళ్తాను. “ఇంకోటి వెయ్యవే” పక్కన సన్నటి పెన్సిల్ గీత ఉంది, చూశారా? నేను గీసింది కాదు. సీరియల్‌ని దాచుకున్నవాళ్లదే అయ్యుంటుంది. వాళ్లు కూడా రెండోసారి చదివారన్నమాట.