కట్టినవి లెక్కపెట్టారా, వాడేవాళ్లనా?

హోస్ట్: అక్కా, సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద టార్గెట్లు 169, అన్నీ 2030కల్లా సాధించాలి. ఒక్కోదానికీ నాలుగు చోట్ల నాలుగు లెక్కలు. ఏది నమ్మాలి?

గెస్ట్: అన్నీ వద్దు, మరుగుదొడ్లు ఒక్కటే తీసుకుందాం. 2019 అక్టోబర్ 2న పల్లెల్లో బహిరంగ మలవిసర్జన పూర్తిగా పోయిందని ప్రకటించారు కదా, 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనేమో దేశం మొత్తమ్మీద 19 శాతం ఇళ్లవాళ్లు ఇంకా ఆరుబయటికే వెళ్తున్నారని తేలింది.

హోస్ట్: ఒకళ్లు అబద్ధం చెప్పినట్టేగా?

గెస్ట్: అందరూ ముందు అదే అంటారు. అసలు రెండూ లెక్కపెట్టింది ఒకటి కాదు. ఆ ప్రకటనకి ఆధారం స్వచ్ఛభారత్ పోర్టల్; దాంట్లోకి ఎక్కేది 12 వేల రూపాయలు ఇచ్చి కట్టించి, ఫొటో తీసి అప్‌లోడ్ చేసిన మరుగుదొడ్డి. పైగా దానికి మూలం 2012 నాటి బేస్‌లైన్ జాబితా, అంటే అప్పుడు ఎవరింట్లో దొడ్డి లేదో రాసుకున్న పట్టిక, ఆ తర్వాత వేరు కాపురం పెట్టినవాళ్ల సంగతేంటి? సర్వేవాళ్లు ఇంటికొచ్చి మీరు ఎక్కడికి వెళ్తారని అడుగుతారు. ఈ లక్ష్యాల్లో పారిశుధ్యాన్ని కొలిచే ఐరాస సూచిక 6.2.1 అడిగేది కూడా అదే, వాడే జనాభా ఎంత అని.

హోస్ట్: అయితే సర్వేనే నమ్మేద్దాం.

గెస్ట్: ఆగు ఆగు, సర్వేల్లోనూ లోపాలుంటాయి. 2018లో ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ నమూనా సర్వే, 76వ విడతలో పల్లెల్లో 71.3 శాతం ఇళ్లకే మరుగుదొడ్డి అందుబాటులో ఉందని వచ్చింది. అయితే గణాంక కార్యాలయం వాళ్లే ఆ నివేదికలో ఓ మాట రాశారు: ప్రభుత్వ పథకాల లబ్ధి అందిందా అన్న ప్రశ్న ముందు వేసి, దొడ్డి సంగతి తర్వాత అడిగాం, అందుకని జవాబులు కొంత పక్కకి పోయి ఉండొచ్చని. దొడ్డి లేదని చెబితే పథకం కింద ఏదైనా వస్తుందేమో అనుకుంటారు కదా జనం! తన లోపం తనే బయటపెట్టిన డేటా అంటే నాకు నమ్మకం ఎక్కువ.

హోస్ట్: మా పార్వతీపురం మన్యం జిల్లా నంబర్ కావాలంటే?

గెస్ట్: ఐదో సర్వేలో దొరకదు. 2017 మార్చి 31 నాటి జిల్లాలతో చేశారు, ఆంధ్రకి 13. మీ జిల్లా వచ్చింది 2022లో. విజయనగరం నంబర్ తెచ్చి మన్యానికి అతికించేస్తుంటారు, కొండమీద గిరిజన గూడేలకీ సముద్రం ఒడ్డున భోగాపురానికీ ఒకటే శాతం! పాలకొండ వైపైతే శ్రీకాకుళంలోంచి వచ్చింది, అది ఎవరికీ గుర్తుండదు.

హోస్ట్: మరి రిపోర్టులో ఏం రాయను?

గెస్ట్: పాత విజయనగరం జిల్లా అని, సర్వే సంవత్సరంతో సహా రాయి. ఇళ్ల శాతమో మనుషుల శాతమో కూడా చెప్పు. మన్యం గడి ఖాళీగా వదిలెయ్.

హోస్ట్: ఖాళీ వదిలితే మా సార్ ఊరుకోరక్కా.

గెస్ట్: అయితే ఆయన్నే నింపమను, ఎక్కణ్నుంచి తెచ్చారో కూడా పక్కనే రాయమను.