పరీక్ష ముందు కెమిస్ట్రీ లెక్కలు: గ్రాముల నుంచి మోల్‌కు, మోల్ నుంచి గ్రాములకు

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ పరీక్షకు సిద్ధమవుతున్న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పిల్లల కోసం ఈ రివ్యూ వీడియో. తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కాలిక్యులేటర్ వద్దు, అంతా చేత్తోనే చేద్దాం.

ఈ రోజుల్లో చాలామంది చేసే పని ఏమిటంటే, చేసి ఉన్న లెక్కను చదవడం. చదువుతుంటే ప్రతి మెట్టూ అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో అంకెలు మారితే మొదటి మెట్టే దొరకదు. అందుకే జవాబు మీద చెయ్యి పెట్టి మూసేసి, ప్రశ్న మాత్రం చూసి రాయండి. రాసేటప్పుడు ఒక్క నియమం పట్టుకోండి. ఇచ్చిన గ్రాములను ముందు మోల్స్ చేయాలి, అంటే ఆ పదార్థం అణుభారంతో భాగించాలి. తుల్యం చేసిన సమీకరణం ఒక పదార్థం మోల్స్ నుంచి మరో పదార్థం మోల్స్‌కు తీసుకెళ్తుంది. ఆ తర్వాతే మళ్లీ గ్రాములు. ఈ దారి విడిచి అడ్డంగా వెళ్తే మార్కులు పోతాయి.

మన ఊరి సరుకుతోనే మొదలుపెడదాం. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీస్ గనులు మీకు తెలిసినవే. మాంగనీస్ ఖనిజాల్లో ముఖ్యమైనది పైరోలుసైట్, అంటే మాంగనీస్ డయాక్సైడ్. 1774లో స్వీడన్ శాస్త్రవేత్త షీలే క్లోరిన్ వాయువును మొదటిసారి తయారుచేసింది ఈ పదార్థాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేసే. సమీకరణం రాసుకోండి: ఒక మోల్ మాంగనీస్ డయాక్సైడ్, నాలుగు మోల్స్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే ఒక మోల్ మాంగనీస్ క్లోరైడ్, ఒక మోల్ క్లోరిన్, రెండు మోల్స్ నీరు వస్తాయి.

ఇప్పుడు లెక్క. మాంగనీస్ డయాక్సైడ్ 8.7 గ్రాములు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 7.3 గ్రాములు తీసుకున్నాం. క్లోరిన్ ఎన్ని గ్రాములు వస్తుంది?

అణుభారం చూద్దాం: మాంగనీస్ 55, రెండు ఆక్సిజన్లు 32, మొత్తం 87. కాబట్టి 8.7 గ్రాములంటే 0.1 మోల్. ఆమ్లానికి 36.5, కాబట్టి 7.3 గ్రాములంటే 0.2 మోల్. ఇక్కడ ఆగండి. ఎక్కువమంది తప్పేది సరిగ్గా ఇక్కడే. 0.1 చిన్నది కాబట్టి మాంగనీస్ డయాక్సైడే లిమిటింగ్ రియేజెంట్, అంటే ముందుగా అయిపోయే పదార్థం, అని రాసేస్తారు. ముందుగా ఏది అయిపోతుందో మోల్స్ మాత్రమే చూసి చెప్పలేం, ఎంత అవసరమో కూడా చూడాలి. 0.1 మోల్ మాంగనీస్ డయాక్సైడ్‌కు 0.4 మోల్ ఆమ్లం కావాలి. మన దగ్గర 0.2 మాత్రమే ఉంది. అంటే ముందు అయిపోయేది ఆమ్లం.

తొందరగా తేల్చాలంటే ప్రతి మోల్ సంఖ్యనూ సమీకరణంలో దాని ముందున్న గుణకంతో భాగించండి. 0.1 బై 1 అంటే 0.1. 0.2 బై 4 అంటే 0.05. ఏది తక్కువో అదే లిమిటింగ్. ఇక క్లోరిన్ 0.05 మోల్, దాన్ని 71తో గుణిస్తే 3.55 గ్రాములు.

జవాబు వచ్చింది కదా అని వదిలేయకండి, సరిచూడండి. మాంగనీస్ క్లోరైడ్ 0.05 మోల్, 126తో గుణిస్తే 6.3 గ్రాములు. నీరు 0.1 మోల్, 1.8 గ్రాములు. మిగిలిపోయిన మాంగనీస్ డయాక్సైడ్ 0.05 మోల్, 4.35 గ్రాములు. వీటికి క్లోరిన్ 3.55 కలపండి. మొత్తం 16. మొదట్లో తీసుకున్నవి 8.7, 7.3, అవీ 16. ఈ రెండు పదహార్లు కలిసినప్పుడు కలిగే ధైర్యం ఏ గైడూ ఇవ్వదు. నాకు ఈ సబ్జెక్టు మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం కూడా ఇదే. మన జవాబు ఒప్పో తప్పో ఇంకొకరిని అడగనక్కర లేదు.

తర్వాత అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల అతి చిన్న నిష్పత్తి. కార్బన్ 40 శాతం, హైడ్రోజన్ 6.67, ఆక్సిజన్ 53.33. పరమాణు భారాలతో భాగిస్తే 3.33, 6.67, 3.33. నిష్పత్తి 1:2:1, దాని భారం 30. అణుభారం 60 అని ఇస్తే రెండుతో గుణించండి, ఎసిటిక్ ఆమ్లం. 180 అని ఇస్తే ఆరుతో, గ్లూకోజ్. ఒక్క హెచ్చరిక: నిష్పత్తిలో 1.5 వస్తే దాన్ని 2 చేయకూడదు, అన్నిటినీ 2తో గుణించాలి. 1.33 వస్తే 3తో గుణించాలి.

గాఢతల్లో మొలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్, మొలాలిటీ అంటే కిలో ద్రావణికి ఎన్ని మోల్స్. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ 250 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉంటే 0.1 బై 0.25, అంటే 0.4 మొలార్. మిల్లీలీటర్లను లీటర్లుగా మార్చడం మరిస్తే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

వాయువుల లెక్కలు ఫార్ములాలో వేస్తే వచ్చేవే, ఎక్కువ సమయం పెట్టకండి. సెల్సియస్‌ను కెల్విన్ చేయండి, వాయు స్థిరాంకం యూనిట్లు చూసి ఎంచుకోండి. ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లా, 22.7 లీటర్లా అని చాలామంది అడుగుతారు. 273 కెల్విన్ వద్ద పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే 22.4, 1 బార్ అయితే 22.7. రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1982లో ప్రమాణ పీడనాన్ని బార్‌కు మార్చింది. ప్రశ్నలో పీడనం ఏ యూనిట్‌లో ఉందో చూసి రాయండి.

పీహెచ్ ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇందులో ఒక ప్రశ్న పిల్లలను ఏడిపిస్తుంది. 10 పవర్ మైనస్ 8 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? ఫార్ములాలో వేస్తే 8 వస్తుంది. ఆమ్లాన్ని ఎంత పలుచన చేసినా అది క్షారం అవుతుందా? కాదు. ఇంత పలుచని ద్రావణంలో నీరు ఇచ్చే హైడ్రోజన్ అయాన్లనూ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు 6.98 వస్తుంది, ఏడుకు కాస్త తక్కువ. లెక్క చేసే ముందే ఏడుకు ఏ పక్కన రావాలో కాగితం మూల రాసుకుంటే ఈ తప్పు జరగదు.

రెడాక్స్ సమీకరణాల్లో, అంటే ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్యల్లో, పరమాణువులు సరిపోయాక ఆవేశాలు కూడా కూడండి. ఆమ్ల యానకంలో పర్మాంగనేట్, ఐదు ఫెర్రస్ అయాన్లు, ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు: ఎడమ పక్క మైనస్ 1, ప్లస్ 10, ప్లస్ 8, మొత్తం 17. కుడి పక్క మాంగనీస్ 2, ఐదు ఫెర్రిక్ అయాన్లకు 15, మళ్లీ 17. ఇది సరిపోకపోతే ఎక్కడో ఎలక్ట్రాన్ లెక్క తప్పింది.

చివరిగా ఒకటి మీకు వదిలేస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు 11.7 గ్రాములు నీటిలో కరిగించారు, అంతా శుద్ధ సోడియం క్లోరైడే అనుకోండి. అందులో 17 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కరిగి ఉన్న ద్రావణాన్ని పోశారు. సోడియం 23, క్లోరిన్ 35.5, సిల్వర్ 108, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16. ఎంత సిల్వర్ క్లోరైడ్ తెల్లగా అడుగున చేరుతుంది? వీడియో ఆపి చేయండి. 14.35 గ్రాములు రావాలి. కరగకుండా అడుగున చేరినదాన్ని, ద్రావణంలో మిగిలిన ఉప్పును, సోడియం నైట్రేట్‌ను కలిపి 28.7 వచ్చిందో లేదో చూశాకే పేజీ తిప్పండి.