అవతలివాడు ఇంజిన్ వాడాడా? ఆన్‌లైన్ చెస్‌లో అనుమానం వస్తే ఏం చూడాలి

[స్క్రీన్‌పై: ఓడిన ఆట రివ్యూ. ప్రత్యర్థి యాక్యురసీ 96]

మీ రేటింగ్ 1200, వాడిదీ 1200. ఓడిపోయి రివ్యూ తెరిస్తే వాడి యాక్యురసీ, అంటే ఎంత కచ్చితంగా ఆడాడో వందకి చెప్పే లెక్క, 96. ఇంకేముంది, స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ (మంచి ఎత్తులు చెప్పే చెస్ ప్రోగ్రామ్) పెట్టుకుని ఆడాడని ఫిక్స్ అయిపోతాం. ఆగండి, ముందు ఆ 96 ఎలా వచ్చిందో చూద్దాం.

ఆట 20 ఎత్తుల్లో అయిపోయింది. మొదటి ఎనిమిదీ ఇటాలియన్ ఓపెనింగ్, ఎవరికైనా నోటికొచ్చేవే. పదకొండో ఎత్తులో మీరు మంత్రిని ఊరికే ఇచ్చేశారు. లిచెస్ అనే చెస్ సైట్‌లో యాక్యురసీ లెక్కకి ఆధారం గెలుపు అవకాశం ఎంత తగ్గిందన్నదే. ఆట సమానంగా ఉన్నప్పుడు మూడు బంట్ల విలువైన తప్పు చేస్తే ఆ అవకాశం 50 శాతం నుంచి సుమారు 25కి పడిపోతుంది. +8 ఆధిక్యంలో, అంటే ఎనిమిది బంట్ల విలువంత ముందున్నప్పుడు, అదే తప్పు చేస్తే 95 నుంచి 86కి దిగుతుంది, అంతే. మీరు మంత్రిని పోగొట్టుకున్నాక వాడు తప్పులు చేసినా పెద్దగా లెక్కలోకి రావు.

[స్క్రీన్‌పై: ఎత్తుల పక్కన పట్టిన సమయం]

అసలు చూడాల్సింది గడియారం. వాడి గుర్రాన్ని మీరు కొట్టారు, తిరిగి కొట్టడానికి ఒకే దారి ఉంది. మనిషైతే సెకనులో కొట్టేస్తాడు. ఇంజిన్ వాడేవాడు మీ ఎత్తును పక్క విండోలో వేసి, జవాబు చూసి, ఇక్కడికొచ్చి ఆడాలి. అందుకే దీనికీ ఆరు సెకన్లు, తల బద్దలయ్యే పొజిషన్‌కీ ఆరు సెకన్లే. ఆటంతా ఇలాగే ఉంటే అనుమానించొచ్చు. నెట్ స్లో అయినా కొంత ఇలాగే కనిపిస్తుంది. ముదుర్లు కావాలనే ఆగి ఆగి ఆడతారు కూడా.

ఇంకోటి, గెలిచే ఆటలో మనిషి మంత్రులు మార్చేసి సులువైన దారి పడతాడు. ఇంజిన్ మాత్రం +6ని +9 చేయడానికి రాజును మూలకి జరిపే వింత ఎత్తు చూపిస్తుంది.

ఒక్క ఆటతో మాత్రం ఏదీ తేలదు. గణాంకాల్లో మూడు సిగ్మాలు దాటిన ఆట, అంటే మామూలు స్థాయి కంటే చాలా చాలా బాగా ఆడిన ఆట, నిజాయితీగా ఆడేవాళ్లలోనూ సుమారు 740 మందిలో ఒకరికి కేవలం యాదృచ్ఛికంగా వస్తుంది. రోజూ లక్షల ఆటలు జరిగే చోట అలాంటివి కోకొల్లలు. 2023లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా 46 బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే) ఆటల్లో 45.5 పాయింట్లు తెచ్చుకుంటే మాజీ ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ ప్రశ్నలు లేవనెత్తారు. ఆ ఆటలు జరిగిన సైట్ చెస్ డాట్ కామ్ పరిశీలించి, మోసం జరిగినట్టు ఆధారం లేదంది. వేల ఆటలు ఆడేవాడికి, అదీ ఎక్కువగా తనకంటే తక్కువ రేటింగ్ వాళ్లతో ఆడేవాడికి, అలాంటి వరస ఎప్పుడో ఒకప్పుడు రావడం సహజం.

స్థాయికి, ఆటకి మధ్య అగాధం ఉంటే సంగతి వేరు. 2021 జూన్‌లో కోవిడ్ సాయం కోసం జరిగిన ఆటలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ ఏకంగా మాజీ ప్రపంచ చాంపియన్ విశ్వనాథన్ ఆనంద్‌ని ఓడించారు. కంప్యూటర్ సాయం తీసుకున్నానని మర్నాడే ఒప్పుకున్నారు.

[స్క్రీన్‌పై: ప్రొఫైల్ పేజీ, రిపోర్ట్ బటన్]

అనుమానం బలంగా ఉంటే, ముందు ఆట పూర్తవనివ్వండి. మధ్యలో ‘చెక్ చేద్దాం’ అని మీరే ఇంజిన్ తెరిస్తే రూల్ తప్పింది మీరే. తర్వాత వాడి పాత ఆటలు ఓ పది చూడండి. ప్రొఫైల్‌లో రిపోర్ట్ నొక్కి, చీటింగ్ ఎంచుకుని, బాగా అనుమానమున్న ఆటల లింకులు ఇచ్చి, ఏ ఎత్తు దగ్గర ఏం తేడాగా ఉందో రెండు లైన్లు రాయండి. ‘వీడు దొంగ’ అని రాస్తే మోడరేటర్‌కి పనికొచ్చేది ఏమీ ఉండదు. చాట్‌లో తిట్టారో, ముందు మీ ఖాతాకే ఎసరు. మోసం తేలి ఖాతా మూస్తే, వాడి చేతిలో ఈమధ్య పోయిన మీ రేటింగ్ పాయింట్లు తిరిగి మీ ఖాతాలో పడొచ్చు.