బొలోన్యా ప్రకటన: చట్టబలం లేని సంస్కరణ

సంధానకర్త: నమస్కారం. 1999 జూన్ 19న ఇటలీలోని బొలోన్యా నగరంలో 29 యూరప్ దేశాల విద్యా మంత్రులు, తమ ఉన్నత విద్యా పద్ధతులను ఒకదానికొకటి దగ్గరగా తేవాలన్న ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. ఉన్నత విద్యా చరిత్ర బోధించే ఆచార్యులవారు, జర్మనీలో పరిశోధన చేసి వచ్చిన విద్యావేత్త ఈ రోజు మనతో ఉన్నారు. ఆచార్యులవారూ, కథ బొలోన్యాలోనే మొదలైందంటారా?

ఆచార్యులు: అంతకుముందే మొదలైందండి. 1987లో యూరప్ దేశాల మధ్య విద్యార్థుల మార్పిడికి ఎరాస్మస్ పథకం వచ్చాక విద్యార్థులు కొన్ని నెలలు వేరే దేశంలో చదివి రావడం పెరిగింది. అక్కడ చదివినదాన్ని సొంత విశ్వవిద్యాలయంలో ఏ లెక్కన జమ కట్టాలన్న చిక్కులోంచే క్రెడిట్ల పద్ధతి పుట్టింది. 1997లో పట్టాల పరస్పర గుర్తింపుపై లిస్బన్ ఒడంబడిక కుదిరింది. మరుసటి ఏడాది మే 25న, పారిస్ విశ్వవిద్యాలయం 800 ఏళ్ల ఉత్సవాల సందర్భంగా, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్ మంత్రులు సోర్బాన్‌లో ఒక ప్రకటన చేశారు. నలుగురే కూర్చుని నిర్ణయించడం మిగతావారిలో కొందరికి రుచించలేదు. బొలోన్యాలో పీట అందరికీ వేశారు.

సంధానకర్త: ఇంతకీ ఏం మార్చాలనుకున్నారు?

విద్యావేత్త: చదువును డిగ్రీ, పీజీ అని రెండు అంచెలు చేయడం, ఒక దేశపు పట్టా మరో దేశంలో సులువుగా అర్థమయ్యేలా చూడడం, విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలను పెంచడం ముఖ్యమైనవి. 2003లో బెర్లిన్‌లో జరిగిన మంత్రుల సమావేశం డాక్టరేట్‌ను మూడో అంచెగా చేర్చింది. ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అంటే అయిదు క్రెడిట్ల సబ్జెక్టుకు కనీసం 125 గంటలు వెచ్చించాలి. అందులో తరగతి గదిలో గడిచేది 30 గంటలే అయినా, గ్రంథాలయంలో చదివిన గంటలు, పరీక్షకు సిద్ధపడిన గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. అధ్యాపకుడు ఎంత చెప్పాడన్నది కాకుండా విద్యార్థి ఎంత పని చేశాడన్నది కొలతగా మారింది. నా దృష్టిలో అసలైన మార్పు ఇదే.

సంధానకర్త: మంత్రులు సంతకం పెట్టినంత మాత్రాన అది చట్టం కాదు కదా?

ఆచార్యులు: కాదు. పాటించకపోతే శిక్ష వేసే వ్యవస్థా లేదు. అయినా దేశాలు ఎందుకు కదిలాయంటే, ఇంట్లో ఎప్పటినుంచో చేయాలనుకుని చేయలేకపోతున్న పనికి యూరప్ పేరు అండగా దొరికింది. ఇటలీలో పాత లౌరియా పట్టాకు కాగితం మీద నాలుగైదేళ్లే అయినా, చాలామందికి అంతకంటే ఎక్కువ పట్టేది, మధ్యలో మానేసేవారూ ఎక్కువే. 1999లోనే ఆ దేశం మూడేళ్లు, ఆపై రెండేళ్ల పద్ధతికి మళ్లింది.

విద్యావేత్త: ఆ తొందరే చేటు తెచ్చిందని నా అభిప్రాయం. జర్మనీలో డిగ్రీ, పీజీ కలిసినట్టుండే, ఎంతో గౌరవమున్న డిప్లోమ్ పట్టాను చాలాచోట్ల తీసేసి, అందులోని పాఠాలను మూడేళ్లలో కుక్కిన కోర్సులు వచ్చాయి. న్యాయశాస్త్రం, వైద్యం మాత్రం పాత ప్రభుత్వ పరీక్షల పద్ధతిలోనే ఉండిపోయాయి. 2009 అక్టోబరులో వియన్నా విశ్వవిద్యాలయంలోని అతిపెద్ద ఉపన్యాస మందిరాన్ని విద్యార్థులు ఆక్రమించి వారాల తరబడి అక్కడే ఉన్నారు. 2010 మార్చిలో బుడాపెస్ట్, వియన్నాల్లో మంత్రులు, బొలోన్యా లక్ష్యమైన ఉమ్మడి విద్యా వేదికను, అంటే యూరప్ ఉన్నత విద్యా ప్రాంతాన్ని, లాంఛనంగా ప్రారంభించినప్పుడు కూడా వియన్నాలో నిరసనలు ఆగలేదు.

ఆచార్యులు: వాళ్ల కోపం ఒక్క బొలోన్యా మీదే కాదండి. నిధుల కొరత, కిక్కిరిసిన తరగతులు కూడా అందులో ఉన్నాయి. ప్రభుత్వాలు తమ పొదుపు చర్యలకూ బొలోన్యా ముసుగే తొడిగాయి.

సంధానకర్త: రాకపోకల లక్ష్యం నెరవేరిందా?

విద్యావేత్త: 2020 నాటికి పట్టభద్రుల్లో 20 శాతం మందికైనా విదేశంలో చదివిన లేదా శిక్షణ పొందిన అనుభవం ఉండాలని 2009లో బెల్జియంలోని లూవెన్‌లో మంత్రులు తీర్మానించారు. అది అందలేదు. విదేశంలో ఖర్చులు భరించగల కుటుంబాల పిల్లలే ఎక్కువగా వెళ్లారు. పట్టాల అమరిక మార్చినంత తేలికగా ఆ తేడాను మార్చలేకపోయారు.

సంధానకర్త: జర్మనీకి వెళ్లే మన తెలుగు విద్యార్థులకు ఇందులో లాభమేమైనా ఉందా?

విద్యావేత్త: రెండేళ్ల పీజీకి విడిగా దరఖాస్తు చేసుకోవడం తేలికైంది. అయితే లిస్బన్ ఒడంబడికలో భారత్ లేదు. అక్కడా మూడేళ్ల డిగ్రీ ఉంది కదా అని మన మూడేళ్ల డిగ్రీ దానికి సమానమవుతుందనుకోకూడదు. ప్రతి దరఖాస్తునూ ఆయా విశ్వవిద్యాలయమే విడిగా పరిశీలిస్తుంది.